సిగరెట్ మానేసి 8 ఏళ్ళు, ఎక్స్‌రే క్లీన్ అన్నారు.. మళ్ళీ సీటీ స్కాన్ ఎందుకు?

పాత_పొగ

నమస్తే అందరికీ. ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్ కోసం లో డోస్ సీటీ చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, నాలుగు రోజుల నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది.

నాకు 57. 21లో మొదలెట్టా, 49లో మానేశా, అంటే మానేసి 8 ఏళ్ళు. మొదటి పదేళ్ళు రోజుకి సగం పెట్టె, తర్వాత ఓ పదిహేనేళ్ళు పెట్టె, చివరి మూడేళ్ళు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఐదారుకి తెచ్చా. ఇప్పుడు దగ్గు లేదు, ఆయాసం లేదు, మెట్లు బానే ఎక్కుతా. పోయినేడు జలుబు చేసి దగ్గు రెండు వారాలైనా వదలకపోతే ఛాతీ ఎక్స్‌రే తీశారు, క్లీన్ అన్నారు, నేనూ ఆ రిపోర్టు బీరువాలో పెట్టుకుని నిశ్చింతగా ఉన్నా.

మా ఆఫీసులో ఒకప్పుడు నాతో పాటే బయటికొచ్చి కాల్చేవాడొకడు, నాకంటే రెండేళ్ళు చిన్న, నడుం నొప్పని చూపించుకుంటే వెన్నులో మచ్చ కనపడి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ వెళ్తే మూలం లంగ్స్‌లో తేలింది. స్టేజ్ నాలుగు. వాడికీ దగ్గు లేదు. అదీ నన్ను పట్టుకున్న భయం.

మా అబ్బాయి సీటీ చేయించుకో నాన్నా అంటాడు. ఎక్స్‌రే బాగుంది కదా అని నేను. ఇంకో పక్క మా బావమరిది, ఇప్పటికీ రోజుకి పెట్టె లాగిస్తాడు, "ఏడాదికోసారి స్కాన్ చేయించుకుంటే ఇంక మానాల్సిన పనేముంది బావా" అని ఎదురు నాకే చెప్తున్నాడు. నిజం చెప్పాలంటే ఏమన్నా బయటపడుతుందేమోనన్న భయం కూడా ఉంది, వెళ్ళకపోవడానికి అదే అసలు కారణమేమో. ఏం చేయమంటారు?

లెక్కల_పిచ్చి

సార్ ముందు మీ లెక్క తేలుద్దాం. దీంట్లో ప్యాక్ ఇయర్ అని ఒకటి చూస్తారు, రోజుకి 20 సిగరెట్ల పెట్టె ఒకటి చొప్పున ఏడాది కాలిస్తే అది ఒక ప్యాక్ ఇయర్. మీది మొదటి పదేళ్ళు సగం పెట్టె అంటే 5, తర్వాత పదిహేనేళ్ళకి 15, చివరి మూడేళ్ళకి ముప్పాతికో కాస్త ఎక్కువో, మొత్తం 20 దాటీ దాటనట్టు. సరిగ్గా గీత మీద నిలబడ్డారు మీరు.

గీత ఏంటంటే, ఎవరికి ఏ ముందస్తు పరీక్ష చేయాలో చెప్పే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2021లో పెట్టింది: 50 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసు, కనీసం 20 ప్యాక్ ఇయర్లు, ఇంకా కాలుస్తున్నవాళ్ళు లేదా మానేసి 15 ఏళ్ళు దాటనివాళ్ళు, ఇలాంటివాళ్ళకి ఏటా ఒక లో డోస్ సీటీ. 2013లో ఇదే 55 ఏళ్ళు, 30 ప్యాక్ ఇయర్లు ఉండేది, తర్వాత కిందికి దించారు. 2023లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అయితే మానేసి ఎన్నేళ్ళైందన్న షరతే తీసేసింది, ఎందుకంటే వయసు పెరిగే కొద్దీ రిస్క్ మళ్ళీ పెరుగుతూనే ఉంటుంది, 15 ఏళ్ళు నిండిన మర్నాడు మాయమైపోదు కదా. అన్ని దేశాల్లో ఒకటే లెక్క అనుకోకండి, ఆస్ట్రేలియాలో 2025లో మొదలెట్టినదానికి 50 నుంచి 70 ఏళ్ళు, 30 ప్యాక్ ఇయర్లు, మానేసి పదేళ్ళ లోపు. ఆ లెక్కన మీరు రారు. అందుకే ఈ నంబర్లు పట్టుకుని మీ డాక్టర్ గారితో కూర్చోండి.

ఇంకోటి, మనం ఎన్ని కాల్చామో మనకి ఎప్పుడూ తక్కువే గుర్తుంటుంది. ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

సీటీ_గది

నేను సీటీ మిషన్ దగ్గర టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదు, నాకు తెలిసింది చెప్తా.

ఎక్స్‌రే క్లీన్ అంటే పోయినేడు మీకు నిమోనియా లాంటిది లేదు అని, అంతే. ఎక్స్‌రేలో ఛాతీ మొత్తం ఒకదాని మీద ఒకటి అచ్చు పడిపోతుంది, పక్కటెముకలు, కాలర్ బోన్, గుండె, డయాఫ్రం అన్నీ కలిసి ఒకే బొమ్మ. ఓ 7, 8 మిల్లీమీటర్లది గుండె వెనకో కాలర్ బోన్ కిందో కూర్చుంటే ఎంత తలపండిన రేడియాలజిస్ట్‌కైనా కనపడకపోవచ్చు. సీటీ అలా కాదు, పలచటి ముక్కలుగా కోసి చూపించినట్టు చూపిస్తుంది. అమెరికాలో పీఎల్‌సీఓ అని లక్షన్నర మంది పైన ఒక పెద్ద స్టడీ చేశారు, అందులో ఏటా ఎక్స్‌రే తీసినవాళ్ళలో లంగ్ క్యాన్సర్ చావులు తీయనివాళ్ళ కంటే ఏమీ తగ్గలేదు, 2011లోనే తేల్చారు. కాబట్టి స్క్రీనింగ్ కోసమైతే ఎక్స్‌రే లెక్కలోకే రాదు. ఆ రిపోర్టుని బీరువాలోనే ఉండనివ్వండి.

స్కాన్ చూసి భయపడేది ఏమీ లేదు. ఇంజెక్షన్ ఉండదు, ఖాళీ కడుపుతో రానక్కర్లేదు, మెడలో జేబులో ఉన్న లోహం వస్తువులు తీసేసి వెల్లకిలా పడుకుని చేతులు తల పైకి పెట్టుకోవాలి. ఊపిరి నిండా పీల్చి పట్టండి అంటాం. కొన్ని సెకన్లే, కానీ చాలామంది బల్ల కదలగానే ఉలిక్కిపడి ఊపిరి వదిలేస్తారు, అప్పుడు డయాఫ్రం పైకొచ్చి లంగ్స్ కింది భాగమంతా చెదిరిపోయినట్టు వస్తుంది, చిన్న మచ్చలు అక్కడే ఉంటే పోయినట్టే. నేనైతే ఉత్తినే రెండుసార్లు ప్రాక్టీస్ చేయించి అప్పుడు తీస్తా. మీరు కూడా ఇంటి దగ్గర ఓ నాలుగుసార్లు పట్టి చూసుకుని వెళ్ళండి.

రేడియేషన్ డోస్ సంగతి, లో డోస్ సీటీకి సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్ట్ పడుతుంది. మామూలు ఛాతీ సీటీకి దానికి నాలుగైదు రెట్లు. మనం ఏమీ చేయకుండా కూర్చున్నా నేల నుంచీ ఆకాశం నుంచీ ఏడాదికి సగటున 2.4 దాకా పడుతూనే ఉంటుంది. చీటీ మీద లో డోస్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, ఉత్త సీటీ చెస్ట్ అని రాస్తే మేం మామూలు డోసే ఇచ్చేస్తాం, ఏటా చేయించుకునేవాళ్ళకి ఈ తేడా చిన్నది కాదు. ఈ మధ్యనే జ్వరం, నిమోనియా వచ్చి తగ్గి ఉంటే డాక్టర్‌కి చెప్పి కొన్ని వారాలు ఆగండి, లేకపోతే ఆ ఇన్ఫెక్షన్ తాలూకు మచ్చలే చూసి అందరం కంగారు పడతాం.

చూద్దాంలే

అందరూ వెళ్ళండి వెళ్ళండి అంటున్నారు, రెండో వైపు ఒక్కరూ చెప్పట్లేదు. ఎన్ఎల్ఎస్‌టీ అని అసలు దీనికంతటికీ పునాది అయిన స్టడీ ఉంది చూడండి, 53 వేల మంది పైన, సగం మందికి మూడేళ్ళు ఏటా లో డోస్ సీటీ, మిగతా సగానికి ఎక్స్‌రే. అందులో సీటీ తీసిన ప్రతి నాలుగింటిలో దాదాపు ఒకదానికి ఏదో ఉంది అని వచ్చింది, ఆ ఏదో ఉందన్నవాటిలో 96 శాతం క్యాన్సర్ కాదు. 96 శాతం! అంటే అంతమంది నిద్ర మానుకుని మళ్ళీ స్కాన్లు, కొంతమందికి సూది పెట్టి ముక్క తీయడాలు, ఆ సూదికి లంగ్ చుట్టూ గాలి చేరి హాస్పిటల్లో పడుకోవడాలు. పైగా ఎప్పటికీ ప్రాణం మీదకి తేని నెమ్మది రకం క్యాన్సర్లు కూడా దొరుకుతాయి, వాటికి కూడా ఆపరేషన్ చేసేస్తారు. ఏ బాధా లేని మనిషిని పేషెంట్‌ని చేయడమే కదా ఇది. నేను వెళ్ళను, నా ఇష్టం.

లెక్కల_పిచ్చి

@చూద్దాంలే మీరు చెప్పిన అంకెలు కరెక్టే, సగం చెప్పి వదిలేశారు. అదే స్టడీలో సీటీ గుంపులో లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి, అందుకే కదా 2010లో ముందే ఆపేసి ఫలితం ప్రకటించింది. సుమారు 320 మందికి స్కాన్ చేస్తే ఒకరి ప్రాణం దక్కింది. 2020లో వచ్చిన నెదర్లాండ్స్, బెల్జియం వాళ్ళ నెల్సన్ స్టడీలో పదేళ్ళకి మగవాళ్ళలో 24 శాతం తగ్గాయి. వాళ్ళు మచ్చ అడ్డంగా ఎంతుంది అని కాకుండా దాని ఘనపరిమాణం ఎంత, ఎన్ని రోజుల్లో రెట్టింపైంది అని చూశారు, దాంతో మగవాళ్ళ స్కాన్లలో వందకి రెండే పైటెస్టుల దాకా వెళ్ళాయి. ఎన్ఎల్ఎస్‌టీలో 4 మిల్లీమీటర్లున్నా పాజిటివ్ అనేవారు, ఇప్పుడు మొదటి స్కాన్‌లో గట్టి మచ్చ 6 లోపుంటే ఏడాదికి రమ్మని పంపేస్తారు. అంటే మీరు భయపడుతున్న ఆ 96 పాత పద్ధతిది.

సూది సంగతీ, అనవసరపు ఆపరేషన్ల సంగతీ మాత్రం ఒప్పుకుంటా, అవి ఉన్నాయి. వెళ్ళకపోవడం మీ ఇష్టమే. కాకపోతే 57 ఏళ్ళ పాత స్మోకర్‌కీ, జన్మలో ముట్టని 35 ఏళ్ళ కుర్రాడికీ ఒకటే సలహా కుదరదు. ఆ కుర్రాడికైతే నేనూ మీ మాటే చెప్తా.

ఏడు_మిల్లీమీటర్లు

నా పేరు చూస్తేనే మీకు కథ అర్థమైపోయి ఉంటుంది. నాకు 61, ముప్పై ఏళ్ళు కాల్చి మానేశా. మొదటి స్కాన్‌కి మా ఆవిడతో కలిసి పిక్నిక్‌కి వెళ్ళినట్టు వెళ్ళా. రిపోర్టులో కుడి పై లోబ్‌లో 7 మి.మీ. సాలిడ్ నాడ్యూల్ (గట్టి మచ్చ), లంగ్ రాడ్స్ 3 అని ఉంది, లంగ్ రాడ్స్ అంటే మచ్చ ఎంత అనుమానంగా ఉందో చెప్పే గ్రేడు. ఆ ఒక్క లైను నేను ఓ రెండొందలసార్లు చదివుంటా.

డాక్టర్ గారు చాలా మామూలుగా "ఆరు నెలల తర్వాత మళ్ళీ తీద్దాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. క్యాన్సరేమో అని మీరే అంటారు, మళ్ళీ ఆరు నెలలు పొమ్మంటారు, ఇప్పుడే కోసి తీసేయొచ్చుగా అన్నా. అప్పుడాయన కాగితం మీద పెన్నుతో ఒక చుక్క పెట్టి, దాని పక్కన ఇంకాస్త పెద్ద చుక్క పెట్టి, "క్యాన్సరైతే పెరుగుతుంది, పాత ఇన్ఫెక్షన్ మచ్చైతే అలాగే ఉంటుంది, ఇవాళ నా దగ్గర ఒక్క ఫోటోనే ఉంది, ఒక్క ఫోటో చూసి పెరుగుతోందో లేదో ఎలా చెప్పను" అన్నారు. ఈ గుంపులో క్యాన్సర్‌గా తేలేది వందకి ఇద్దరికేనంట. ఇంత చిన్నదానికి సూది పెడితే ముక్క సరిగ్గా రాకపోవడం ఒకటి, లంగ్‌కి గాలి పట్టడం ఇంకొకటి, అందుకని ఆగడమే వైద్యం అన్నారు. 8 మిల్లీమీటర్లు దాటితే మూడు నెలలకే పిలిచేవాళ్ళట, 15 దాటితే పెట్ స్కాన్, బయాప్సీ అని వెంటనే మొదలయ్యేదట.

ఆ ఆరు నెలలు ఎలా గడిచాయని అడక్కండి. మా మనవరాలి పుట్టినరోజు ఫోటోల్లో నా మొహం చూస్తే మీకే తెలుస్తుంది. ఆరు నెలలకి అదే 7. ఏడాదికీ 7. చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గింది నాకు, దాని తాలూకు మచ్చే అయ్యుంటుందన్నారు. మీలో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే స్కాన్‌కి ముందే చెప్పండి, నేను చెప్పలేదు, యాభై ఏళ్ళ కిందటిది ఎవరికి గుర్తుంటుంది.

@చూద్దాంలే మీరన్న ఆ 96 శాతంలో నేనూ ఒకణ్ణి. మళ్ళీ వెళ్తావా అంటే వెళ్తా, వెళ్తున్నా కూడా. కానీ ఈ ఆగడం అనేది ఒకటుంటుందని ముందే తెలిసుంటే సగం బాధ తప్పేది. పాత_పొగ గారూ, మీరు స్కాన్‌కి వెళ్ళే ముందే మనసులో అనుకుని వెళ్ళండి, ఏదో ఒక చుక్క దొరికే అవకాశం బాగానే ఉంది, చుక్క అంటే క్యాన్సర్ అని కాదు.

చిన్నకూతురు

ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాయాలనిపించింది. మా నాన్నగారు 66. కఫంలో ఎర్రటి చార కనిపిస్తే ఎవరికీ చెప్పకుండా మూడు నెలలు దాచారు. తర్వాత చెప్పినప్పుడు కూడా, "ఎలాగూ స్క్రీనింగ్ స్కాన్ అని ఏదో ఉందట కదా, పండగైపోయాక అది చేయించుకుంటాలే" అన్నారు. స్క్రీనింగ్ అంటే ఏ లక్షణమూ లేనివాళ్ళకి అని ఆయనకి తెలీదు, మాకూ తెలీదు. రక్తం పడినా, గొంతు బొంగురుపోయి వారాలు తగ్గకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఒకే చోట పదేపదే నిమోనియా వచ్చినా అది స్క్రీనింగ్ కాదండీ, వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళి వాళ్ళు చెప్పిన స్కాన్ చేయించుకోవాలి, దానికి వయసు 50 అవునా ప్యాక్ ఇయర్లు 20 ఉన్నాయా అన్న లెక్కలేమీ ఉండవు.

నాన్నగారి విషయంలో తెలిసేసరికి ఆపరేషన్ చేసే స్టేజ్ దాటిపోయింది. డాక్టర్ గారు చెప్పింది ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఊపిరితిత్తుల లోపల నొప్పి తెలిపే నరాలు దాదాపు ఉండవట, అందుకే ఛాతీ గోడ దాకా వచ్చేవరకు మనిషికి తెలీదట. మీ ఆఫీసు ఫ్రెండ్‌కి దగ్గు కూడా లేదన్నారు కదా, అది చదివి రాస్తున్నా.

పాత_పొగ

అందరికీ థాంక్స్. చిన్నకూతురు గారూ, చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయానమ్మా.

లెక్కల_పిచ్చి గారు చెప్పినట్టే మా ఆవిణ్ణి అడిగా, ఆ పదిహేనేళ్ళూ రోజుకి ఎన్ని కాల్చేవాణ్ణి అని. వంటింట్లోంచే "ఒకటిన్నర పెట్టె" అంది. కాదు ఒకటే అన్నా. "ఆఫీసుకెళ్ళేటప్పుడు ఒకటి కొనేవారు, రాత్రి చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో రెండోదాంట్లో సగం మిగిలుండేది, నేనే కదా తీసి టీవీ మీద పెట్టేదాన్ని" అంది. ఇంక ఏం వాదిస్తాం. అంటే 15 కాదు, ఇరవై రెండున్నర. మొత్తం 28 దగ్గరికొచ్చింది. ఇరవై ఏళ్ళుగా నాకు నేనే సగం పెట్టె దాచుకున్నానన్నమాట.

వచ్చే వారం డాక్టర్ గారిని కలుస్తున్నా. ఇంతకీ మా బావమరిదికి ఏం చెప్పమంటారు?

సీటీ_గది

మీ బావమరిదికి చెప్పండి, స్కాన్ గుండెపోటుని ఆపదు, పక్షవాతాన్ని ఆపదు, ఊపిరితిత్తులు గుల్లబారి ఆయాసం రావడాన్ని ఆపదు. నేను రోజూ తెర మీద చూస్తుంటా, చాలామంది స్మోకర్లకి నాడ్యూల్ ఉండదు కానీ లంగ్ నిండా నల్లటి చిల్లులు, ఎంఫిసీమా, గుండె రక్తనాళాల వెంబడి తెల్లగా కాల్షియం. ఇంకోటి, రెండు స్కాన్ల మధ్యలో పుట్టి పెరిగిపోయే క్యాన్సర్ రకాలూ ఉన్నాయి, ముఖ్యంగా స్మాల్ సెల్ అనేది, పొగతోనే ముడిపడి ఉండేది, దానికి స్క్రీనింగ్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏటా స్కాన్ చేయించుకుంటూ కాల్చడం అంటే ఒక చేత్తో మంట పెడుతూ ఇంకో చేత్తో ఫైరింజన్‌కి ఫోన్ చేయడమే.

లెక్కల_పిచ్చి

దానికి అంకె కూడా ఉంది. ఎన్ఎల్ఎస్‌టీ డేటానే 2016లో మళ్ళీ తవ్వి చూశారు, ఏడేళ్ళు మానేసి ఉంటే లంగ్ క్యాన్సర్‌తో పోయే రిస్క్ ఎంత తగ్గుతుందో, స్కాన్ వల్ల కూడా సుమారు అంతే తగ్గుతుంది. 15 ఏళ్ళు మానేయడం, స్కాన్ రెండూ కలిస్తే 38 శాతం. అంటే సార్, స్కాన్‌కి ముందే మీరు ఒక స్కానంత పని ఎనిమిదేళ్ళ కిందటే చేసేశారు. మీ బావమరిది రెండోది చేయించుకుని మొదటిది వద్దంటున్నాడు. అరిచి లాభం లేదు, మానడానికి గమ్, ప్యాచ్, మందులు ఉన్నాయి, స్కాన్‌కి వెళ్ళిన రోజే వాటి గురించి కూడా అడగమనండి.

పాత_పొగ

మూడు వారాల తర్వాత వచ్చా, మర్చిపోయాననుకోకండి. చేయించుకున్నా. ఇంట్లో ఊపిరి పట్టి ప్రాక్టీస్ చేస్తుంటే మా మనవడు కూడా పక్కన కూర్చుని బుగ్గలు పూరించాడు. గదిలోకి వెళ్ళి బయటికొచ్చేసరికి పది నిమిషాలు కూడా పట్టలేదు, చెప్పులు వేసుకోవడానికే ఎక్కువసేపు పట్టింది.

ఎడమ కింది లోబ్‌లో 4 మిల్లీమీటర్ల చుక్క ఒకటుంది, లంగ్ రాడ్స్ 2, మళ్ళీ ఏడాదికి రమ్మన్నారు. ఏడు_మిల్లీమీటర్లు గారు ముందే చెప్పబట్టి ఆ లైను రెండొందలసార్లు కాదు, ఓ ఇరవైసార్లే చదివా. గుండె రక్తనాళాల్లో కాల్షియం కొంచెం ఎక్కువే ఉందట, నేను వెతుక్కోవడానికెళ్ళింది ఒకటి, దొరికింది ఇంకొకటి. దానికి గుండె డాక్టర్ గారు కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. బావమరిది నాతో పాటు వచ్చాడు కానీ బయట బెంచీ మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. ప్యాచ్ గురించి మాత్రం నర్స్‌ని ఏదో అడుగుతుండగా చూశా, చూడనట్టు ఊరుకున్నా.

ఏడు_మిల్లీమీటర్లు

మంచి మాట చెప్పారు. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకోండి, వచ్చే ఏడాది వేరే చోట తీయించుకున్నా పక్కన పెట్టి పోల్చి చూడ్డానికి అదే కావాలి. నేను మొదటిసారి తీసుకోలేదు, తర్వాత దానికోసం మూడుసార్లు తిరిగా.